ఒకటే పొయ్యి

ఆ రిపోర్టు మూడువందల నలభై పేజీలు. మా మామయ్య దగ్గరున్న ప్రతిని చేతిలోకి తీసుకుంటే చాలు, రెండువందల పన్నెండో పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంటుంది. అన్నిసార్లు తెరిచారాయన. అక్కడ ఒక పట్టిక ఉంది. పరిశోధన నుంచి తీసేసిన కుటుంబాలు, కారణాలు. ఊరు మారినవి పదకొండు, మధ్యలో వద్దన్నవి ఏడు, ఎన్నిసార్లు వెళ్లినా తాళం వేసున్నవి నాలుగు. అన్నిటికన్నా కింద, "అర్హత లేకుండా పొరపాటున చేర్చినవి" అని రాసి, పక్కన ఒకటి అంకె. ఇంటికి ఎవరొచ్చినా మామయ్య ఆ అంకె మీద వేలు పెట్టి చూపిస్తారు.

"ఈ ఒకటి మేమే," అంటారు.

అది గొప్పో తప్పో తెలియక వచ్చినవాళ్లు ఓ నవ్వు నవ్వి ఊరుకుంటారు. గొప్పో తప్పో నాకూ తేలలేదు గానీ, ఆ వానాకాలంలో జరిగింది జరిగినట్టు చెబుతాను. నేను బట్టలు కుట్టేదాన్ని. ఉన్న కొలత చెప్పడమే తప్ప పెంచి చెప్పడం నాకు చేతకాదు.

అప్పటికి మా ఇంట్లో రెండు వంటిళ్లు. కింద మామయ్య, బావగారు, అక్క, వాళ్లమ్మాయి. పైన నేనూ మా ఆయనా. అక్కంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. అత్తయ్య పోయాక అక్క వంటిల్లంతా తనకు తోచినట్టు సర్దేసింది. అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఉప్పుడబ్బా పొయ్యికి కుడిపక్కన ఉండేది. ఒకరోజు కూర పొయ్యి మీద పెట్టి, ఆ డబ్బా కోసం మూడు అలమారలు వెతికాను. ఒళ్లు మండింది. "ఈ ఇంట్లో ఉప్పు కావాలంటే అర్జీ పెట్టుకోవాలా?" అన్నాను. "అంత కష్టంగా ఉంటే పైన వండుకో," అంది అక్క. ఇద్దరిలో ఎవరో ఒకరం నవ్వినా అక్కడితో పోయేది. ఎవరమూ నవ్వలేదు. మర్నాడే నేను పైకి పొయ్యి కొని తెచ్చుకున్నాను.

పైకి మెట్లు ఇంటి బయటినుంచే ఉన్నాయి కాబట్టి రెండేళ్లపాటు మేమిద్దరం మొహాలు చూసుకోకుండా గడిపేయడం పెద్ద కష్టం కాలేదు. అన్నదమ్ములు మాత్రం గేటు దగ్గర నిలబడి దొంగతనంగా మాట్లాడుకునేవాళ్లు. బావగారు బస్సు కండక్టరు, మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మామయ్య ఎవరినీ ఏమీ అనలేదు. కింద తినేవారు, సాయంత్రం మెట్లెక్కి పైకొచ్చి టీ తాగేవారు, మళ్లీ దిగిపోయేవారు.

వానలు మొదలైన వారంలో సర్వే అమ్మాయి వచ్చింది. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి నేను మెట్లు దిగుతుంటే వాన పెద్దదైంది. కింది కిటికీ పక్కన చూరు కింద నిలబడ్డాను. లోపలి మాటలు వినాలని కాదు, వినిపించాయి.

"ఇది ప్రభుత్వ సొమ్ముతో విశ్వవిద్యాలయం చేస్తున్న పరిశోధనండీ," అంటోంది ఆ అమ్మాయి. "ఈ రోజుల్లో ఒకే ఇంట్లో మూడు తరాలవాళ్లు ఎలా బతుకుతున్నారు, ఏ పని ఎవరు చేస్తారు, ఎవరి మాట సాగుతుంది, ఇలాంటివన్నీ అడుగుతాం. లాటరీ తీస్తే మీ ఇల్లు వచ్చింది."

"నాకు జన్మలో ఏ లాటరీ తగల్లేదమ్మా," అన్నారు మామయ్య. "అంటే మేం కట్టిన పన్నులతో మా సంగతులే మమ్మల్ని అడుగుతారన్నమాట."

"అంతేనండీ."

"మంచిదే. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

మామయ్య నలభయ్యేళ్లు నీళ్ల సరఫరా శాఖలో వాల్వులు తిప్పారు. నీళ్లొచ్చినప్పుడు ఆయన ఎవరికీ గుర్తుండరు, రాకపోతే తిట్టడానికి గుర్తొస్తారు. ఎదురుగా కూర్చుని మీరేమనుకుంటున్నారని అడిగి, చెప్పింది కాగితం మీద రాసుకున్న మనిషి ఆయనకు అప్పటిదాకా తగల్లేదు.

"ఒక నిబంధన ఉందండీ," అంది అమ్మాయి. "ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లనే మేం ఒక కుటుంబం కింద లెక్కేస్తాం. పొయ్యిలు వేరైతే మీ ఇల్లు ఇందులోకి రాదు. మీ అందరిదీ ఒకటే పొయ్యా?"

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఒకటే," అన్నారు మామయ్య. "ఆరుగురం. ఒకటే పొయ్యి."

ఆ అమ్మాయి గొడుగు వేసుకుని వెళ్లిపోగానే రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్లాను.

"ఏంటి మామయ్యా ఆ అబద్ధం?"

"అబద్ధం ఎందుకవుతుందమ్మా? కొంచెం ముందుగా చెప్పాను, అంతే."

అక్క వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ వంక చూడకుండా నేనూ, నా వంక చూడకుండా ఆవిడా, ఇద్దరం ఒక్కసారే "ఇదేం బాగోలేదు," అన్నాం. రెండేళ్లలో మేం కలిసి చేసిన మొదటి పని అదే.

"పదమూడు బుధవారాలు," అన్నారు మామయ్య. "వారానికోసారి, సాయంత్రం నాలుగింటికి వస్తుందట. ఆ గంటసేపు మీ ఇద్దరూ కిందికొచ్చి కూర్చోండి. పొయ్యిలు రెండని తెలిస్తే మనల్ని తీసేస్తారు, ఆ పిల్ల ఇక రాదు. ఇంతకుమించి మిమ్మల్ని ఏమీ అడగను."

ఆయన ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. అందుకే కాదనడానికి నోరు రాలేదు.

మొదటి బుధవారం మామయ్య గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడున్నరకే కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. మేమంతా ఫొటోకు నిలబడ్డవాళ్లలా ఆయన వెనక సర్దుకున్నాం. అమ్మాయి కాగితాలు తీసి అడగడం మొదలుపెట్టింది. ఆరోగ్యం, నిద్ర, పేపరు చదవడం. ఆ తర్వాత, "గత ఏడు రోజుల్లో ఇంట్లో ఎవరితోనైనా పావుగంటకు మించి మాట్లాడారా?" అంది.

మామయ్య నిజాయితీగా ఆలోచించారు. వేళ్లు మడిచారు, మళ్లీ తెరిచారు.

"లేదమ్మా," అన్నారు. "నీతోనే. ఇదిగో, ఇప్పుడు."

బావగారు తల దించుకున్నాడు. నాకు మనసు చివుక్కుమంది. రోజూ పైకి టీ తాగడానికి వచ్చే మనిషితో నేను కుట్టుమిషను ఆపకుండానే మాట్లాడేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది.

వెళ్లేముందు అమ్మాయి సంచిలోంచి ఆరు చిన్న పుస్తకాలు తీసి తలా ఒకటి ఇచ్చింది. రోజూ రాయాలట. ఏ పూట ఎవరు వండారు, ఎవరెవరు కలిసి తిన్నారు, గిన్నెలు ఎవరు కడిగారు, తింటూ ఏం మాట్లాడుకున్నారు. ఒకరిది ఒకరు చూడకూడదు. గంటసేపు నటిస్తే చాలనుకున్నవాళ్లకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ సాయంత్రం పైన పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"ఆరుగురం కలిసి తిన్నామని రాసెయ్," అన్నాడు మా ఆయన. "ఎవడు చూడొచ్చాడు?"

"నడుం ముప్పై ఆరుంటే ముప్పై రెండని రాస్తే ప్యాంటు పడుతుందా?"

"ఇది ప్యాంటు కాదుగా."

"వీటిని చూసే కదా రేపు ఎవరో ఏదో కత్తిరిస్తారు. తప్పు కొలత నా చేతిమీదుగా వెళ్లదు."

"అయితే ఇద్దరం అని రాయి. నాన్న పరువు పోతుంది, అంతేగా."

అదీ రాయలేను. పొయ్యి వెలిగించబోతూ అగ్గిపుల్ల ఊదేశాను. రెండు కంచాలు తీసుకుని, వానలో తడుస్తూ కిందికి దిగాను. మా ఆయన వెనకే వచ్చాడు. అక్క పొయ్యి దగ్గరుంది.

"ఏంటి?" అంది, నావైపు తిరక్కుండానే.

"భోజనానికొచ్చాం. పుస్తకంలో రాయాలి."

"రాయడం కోసం తింటావా?"

"అవును."

"సరే. నేనూ రాయడం కోసమే వండుతున్నాననుకో," అంది. ఇంకో రెండు గుడ్లు పగలగొట్టి పెనం మీద వేసింది.

మొదటి రెండు వారాలు బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్లలా తిన్నాం. ఎవరి కంచం వాళ్లు చూసుకోవడమే. అక్క కూతురు, కాలేజీలో చదివే పిల్ల, చివరికి ఉండబట్టలేక చెంచా కింద పెట్టేసింది.

"పిన్నీ, 'తింటూ ఏం మాట్లాడుకున్నారు' అన్నచోట రెండు వారాలుగా 'ఏమీ లేదు' అని రాస్తున్నాను. ఎవరైనా ఏదో ఒకటి మాట్లాడండి, మీకు పుణ్యముంటుంది."

మా ఆయన గొంతు సవరించుకుని, పన్ను పీకించుకోవడానికి భయపడి డాక్టరు దగ్గర్నుంచి పారిపోతూ లిఫ్టులో ఇరుక్కుపోయిన మనిషి సంగతి చెప్పాడు. లిఫ్టు బాగయ్యేదాకా డాక్టరు తలుపు బయట నిలబడి, "కంగారేం లేదు, నేనిక్కడే ఉన్నాను," అని ధైర్యం చెబుతూనే ఉన్నాడట. అక్కకు నవ్వొచ్చి పొరబోయింది. నేను మంచినీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపాను. మాట్లాడుతూ జరపలేదు, ఊరికే జరిపాను.

మూడో వారంలో అక్క నిలదీసింది. "నా పుస్తకంలో ఎవరు వండారన్న ప్రతి చోటా 'నేను, నేను' అనే పడుతోంది. చూసేవాళ్లు ఈ ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదనుకుంటారు." ఆ రోజునుంచి సాయంత్రం వంట నాదైంది. బావగారు తన పేరు ఎక్కడా రావడం లేదని బెంగపడి మంగళవారం సాయంత్రాలు గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు, బుధవారం అమ్మాయి వస్తుంది కాబట్టి. "నాన్న వారానికి ఒక్కరోజే కడుగుతాడని నేను రాసేశాను," అని కూతురు చెప్పాక గురువారం కూడా కడిగాడు. కండక్టరు ఉద్యోగం కదా, గ్లాసులు కూడా వరసలో నిలబెట్టేవాడు.

మామయ్య సంగతి చెప్పాలంటే, ఆయన వారమంతా బుధవారానికి తయారయ్యేవారు. ఏమడుగుతుందో, ఏం చెప్పాలో ముందే మాతో చర్చించేవారు. "ఈ కాలం పిల్లలకు స్వేచ్ఛ ఎక్కువైందా తక్కువైందా అని అడిగింది, వచ్చేవారం చెబుతానన్నాను," అని మనవరాలిని కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలు వేశారు. అడిగించుకోవడం మొదలయ్యాక ఆయనకు అడగడం కూడా వచ్చేసింది. మేమూ చెప్పడం మొదలుపెట్టాం.

ఆరో వారంలో ఒక సాయంత్రం బంగాళాదుంపల కూర పొయ్యి మీద పెట్టి, అక్క కూతురితో ఏదో మాట్లాడుతున్నాను. మాట్లాడుతూనే కుడిచెయ్యి చాపాను. డబ్బా చేతికి తగిలింది. ఉప్పు వేసి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టాను. మూత పెట్టాక గాని నాకు వెలగలేదు. తిరిగి చూస్తే అక్క నావైపు వీపు పెట్టి గిన్నెలు తుడుస్తోంది. ఎప్పుడు మార్చిందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ సంగతి రాయడానికి పుస్తకంలో చోటు లేదు. చివర "ఇతర విషయాలు" అన్నచోట, "ఉప్పుడబ్బా పొయ్యికి కుడిపక్కన ఉంది" అని రాశాను. బుధవారం పుస్తకాలు తీసుకుంటూ అన్నీ నింపామా లేదా అని చూసిన అమ్మాయి అక్కడ ఆగింది.

"ఇదేంటక్కా, అర్థం కాలేదు."

"ఉండనీ," అన్నాను.

పైన పొయ్యి చల్లబడి నెలన్నర అయింది. బల్ల మీద చోటు చాలక దాని మీద నా గుండీల డబ్బా పెట్టుకున్నాను.

పదో వారం, శనివారం ఉదయం, చెప్పాపెట్టకుండా ప్రొఫెసరమ్మ వచ్చింది. ఈ పరిశోధన నడిపేది ఆవిడే. పదిళ్లకొకటి చొప్పున స్వయంగా వెళ్లి, తమవాళ్లు నిజంగానే వస్తున్నారా, సరిగ్గా అడుగుతున్నారా అని చూస్తుందట. కింద అక్క కూతురు ఒక్కతే ఉండి, "పిన్ని పైనుంది," అని పంపించింది. తడిసిన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికొచ్చింది. అమ్మాయి బుధవారం బుధవారం వస్తోందా, ఎంతసేపు ఉంటోంది, మర్యాదగా మాట్లాడుతోందా, అన్నీ అడిగింది. అన్నిటికీ అవునన్నాను. ఆవిడ లేవబోతూ గది చుట్టూ చూసింది.

"ఆ పొయ్యి ఎవరిదండీ?"

"వాడటం లేదండీ" అంటే సరిపోయేది. నిజం కూడాను. ఆవిడ సంతకం పెట్టుకుని వెళ్లిపోయేది. కానీ ఆవిడ అడుగుతున్నది అది కాదని నాకు తెలుసు. కింద కిటికీ పక్కన ఉన్న కుర్చీ కళ్లముందు మెదిలింది. ఇంకా మూడు బుధవారాలున్నాయి. మామయ్య ముందే ఇస్త్రీ చేయించి పెట్టుకున్న చొక్కాలు మూడూ ఉన్నాయి. అయినా చెప్పేశాను. ఉప్పుడబ్బా దగ్గర మొదలుపెట్టి, అగ్గిపుల్ల ఊదేసిన దాకా.

ఆవిడ ఏమీ రాసుకోకుండా విన్నది.

"అంటే మేం వచ్చి అడగడం వల్ల మీరంతా కలిశారు."

"అడిగినందుకు కాదండీ. రాయమన్నందుకు. అబద్ధం రాయలేక కిందికెళ్లి తిన్నాను."

ఆవిడకు నవ్వొచ్చింది. తర్వాత నుదురు రుద్దుకుంది.

"ఇళ్లు ఎలా ఉన్నాయో చూడటానికి వస్తామమ్మా. చూడబోయి మేమే మార్చేస్తే ఆ ఇల్లు లెక్కకు పనికిరాదు. మొదటి రోజు చెప్పిందే నిజం కానప్పుడు అసలు పనికిరాదు. జనం సొమ్ముతో చేస్తున్న పని ఇది. తెలిసి తెలిసి ఉంచలేను."

"ఆ అమ్మాయి ఉద్యోగానికి ఏమైనా..."

"తను అడగాల్సింది అడిగింది. తన తప్పేం లేదు." మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఉప్పుడబ్బా సంగతి రాసింది మీరేనా? దాన్ని ఏ ఖాతాలో వేయాలో తెలియక ఆఫీసులో ముగ్గురం కూర్చుని మధ్యాహ్నమంతా తలలు పట్టుకున్నాం."

మధ్యాహ్నం మామయ్య ఇంటికి రాగానే ఎదురెళ్లి చెప్పాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అయితే బుధవారం ఇక రారా?"

"రారు మామయ్యా. నేనే చెప్పేశాను. తిట్టాలనుంటే తిట్టండి."

"తిట్టడమెందుకు? నువ్వు చెప్పకపోతే నేనే చెప్పేవాణ్ణి," అన్నారు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "చెప్పేవాణ్ణి కాదులే," అన్నారు.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఊరుకోబెడుతూ ఎంతసేపు కూర్చున్నారో లెక్క చూసుకోలేదు.

సాయంత్రం పైన గదిలో మా ఆయన అటూ ఇటూ తిరిగాడు. "ఇక రాయక్కర్లేదుగా," అన్నాడు. "మరి ఎక్కడ తిందాం?"

ఆ ప్రశ్న నన్నూ మధ్యాహ్నం నుంచి తొలుస్తూనే ఉంది. రాయడం కోసమే తింటున్నానని మొదటి రోజే నా నోటితో నేనే అన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని దిగను? గుండీల డబ్బా తీసి బల్ల మీద పెట్టాలా వద్దా అని చూస్తూ నిలబడ్డాను. అంతలో కిందినుంచి అక్క కేక వినిపించింది.

"ఏం చేస్తున్నావు ఇంకా? సాయంత్రం వంట నీదైతే నన్ను మొదలుపెట్టమంటావా?"

డబ్బా ఉన్నచోటే వదిలేసి దిగాను.

బుధవారం నాలుగింటికి వాన తెరిపిచ్చింది. మెట్ల మీదినుంచి చూస్తే, మామయ్య గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎవరూ రారని ఆయనకు తెలుసు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. చూసి ఉండబట్టలేదు. నా కొలతల పుస్తకం, పెన్సిలు తీసుకుని కిందికి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

"నేను అడుగుతాను, నువ్వు రాసుకో," అంది నాతో. మామయ్య వైపు తిరిగి, అచ్చం సర్వే అమ్మాయి గొంతుతో, "తప్పు జవాబంటూ ఉండదండీ, మీకు తోచింది చెప్పండి," అంది.

మామయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఇదీ ప్రభుత్వ సొమ్ముతోనేనా?"

"కాదు, మా సొంత ఖర్చు. గత ఏడు రోజుల్లో ఇంట్లో ఎవరితోనైనా పావుగంటకు మించి మాట్లాడారా?"

మామయ్య వెనక్కి ఆనుకుని వేళ్లు మడవడం మొదలుపెట్టారు. "మనవరాలితో రోజూ. పెద్దాడితో ఆదివారం, వాడి బస్సు రూటు మార్చారుగా, దాని గురించి. చిన్నాడితో సోమవారం. నీతో నిన్న. చిన్నకోడలితో శనివారం, కానీ అది మాట్లాడటం కిందికి రాదు, ఆసాంతం ఏడ్చింది." నా వైపు చూసి, "అన్నీ రాశావా?" అన్నారు.

"రాస్తున్నాను."

"మీ ఇంట్లో పొయ్యిలు ఎన్నండీ?" అంది అక్క.

ఆయన చొక్కా చేతుల అంచులు సర్దుకున్నారు. పెన్సిలు పట్టుకుని నేనూ ఎదురుచూశాను.

"రెండు," అన్నారు మామయ్య. "ఒకదాని మీద ఆరుగురికి వంట. రెండోదాని మీద చిన్నకోడలి గుండీల డబ్బా."

ఉన్నదున్నట్టు రాసుకున్నాను.